చెవికి ఎంత కరెంటు కావాలి?

పోయిన దసరాకు దుబాయి నుంచి దిగిన మా బామ్మర్ది పెట్టెలోంచి పెద్ద హెడ్‌ఫోన్ ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. అక్కడెవరో గది ఖాళీ చేసి పోతూ అగ్గువకు అమ్మితే కొన్నాడట. బేయర్‌డైనమిక్ డీటీ 990, 250 ఓమ్‌లది. "బావా, పెద్ద కంపెనీదంట. గని నా ఫోన్ల పెడ్తె దోమ పాడినట్టే వస్తుంది. కరాబైందా?" అన్నాడు.

కరాబు కాలేదు. దాన్ని ఊపడానికి కావలసిన వోల్టేజీ ఆ ఫోన్‌లో లేదు, అంతే. మంచి యాంపు కొందామంటే వేలల్లో మాట. మరి కట్టుకుంటే? మన దగ్గర దొరికే సామానుతో, వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా, ఏది కట్టుకోవాలి? ఆ ప్రశ్న పట్టుకుని ఆర్నెల్లు తిరిగాను. నాలుగు యాంపులు కట్టాను, ఒక రెగ్యులేటర్‌ను పొగబెట్టాను, ఒక ఇయర్‌ఫోన్‌ను చంపాను. చాలామంది ఐసీ పేరు దగ్గర మొదలుపెట్టి అక్కడే తిరుగుతుంటారు. నేనూ అట్లాగే మొదలుపెట్టాను. ఇప్పుడైతే వరస మార్చి చెప్తాను: ముందు హెడ్‌ఫోన్ ఏమడుగుతుందో చూడాలి, తర్వాత మన ఊరి కరెంటు ఏమిస్తుందో చూడాలి, ఐసీ సంగతి ఆ రెండూ తేలాకే.

మా ఉత్తర తెలంగాణకు పాటల యంత్రాల పిచ్చి గల్ఫ్ దారినే వచ్చింది. 80ల్లో, 90ల్లో జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెలకు దుబాయి, మస్కట్ నుంచి తిరిగొచ్చినవాళ్ల సామానులో టూ-ఇన్-వన్ లేకపోతే ఇంట్లో చిన్నబుచ్చుకునేవాళ్లు. వాటి బెల్టులు మార్చి, హెడ్లు తుడిచి, తెగిన తీగలు అతికించిన రేడియో మెకానిక్కులే మా తరానికి ఎలక్ట్రానిక్స్ నేర్పారు. 1969 నుంచి వస్తున్న 'ఎలక్ట్రానిక్స్ ఫర్ యూ' పాత సంచికలు వాళ్ల బల్లల కింద దుమ్ము పట్టి ఉండేవి. వాళ్ల దగ్గర చేరిన పిల్లగాడు సొంతంగా కట్టే మొదటి సెట్టు దాదాపు ఎప్పుడూ ఒకటే, 4440 బోర్డు. సాన్యో ఎల్‌ఏ4440 ఐసీ, 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, ప్లైవుడ్ డబ్బాలో రెండు స్పీకర్లు. బతుకమ్మకైనా వినాయకుడి మండపానికైనా అదే. ఇప్పటికీ కరీంనగర్ టవర్ సర్కిల్ చుట్టుపక్కల గల్లీల్లో యాంప్లిఫయర్ బోర్డు అని అడిగితే చేతిలో పెట్టేది దాన్నో, దాని తమ్ముణ్ణో. దానికే హెడ్‌ఫోన్ తగిలిస్తే అయిపోదా అని అడిగేవాళ్లు బోలెడుమంది. అవదు. ఎందుకో కాసేపట్లో చెప్తాను.

హెడ్‌ఫోన్ అట్టపెట్టె మీద రెండు అంకెలుంటాయి. ఒకటి ఇంపిడెన్స్, ఓమ్‌లలో. రెండోది సెన్సిటివిటీ, ఒక మిల్లీవాట్ ఇస్తే ఎన్ని డెసిబెల్‌లు మోగుతుందో. మామూలుగా మనం వినే మోత 75, 80 డెసిబెల్‌లు. డప్పు దెబ్బ పడ్డచోట, వయొలిన్లన్నీ ఒక్కసారి లేచినచోట అది ఇంకో ఇరవై పైకి ఎగురుతుంది. కొంచెం ఎచ్చు కలుపుకుని 110 డెసిబెల్‌ల దాకా చిట్లకుండా పోగలిగితే ఆ యాంపు చాలు. ఎప్పుడూ అంత మోతలో వినమని కాదు. 80 డెసిబెల్‌లయితే వారానికి 40 గంటలు, అంతకు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది.

ఆ కొలతతో లెక్క కడితే తమాషా బయటపడుతుంది. కాలేజీ పిల్లల దగ్గర తరచూ కనబడే సోనీ ఎండీఆర్-జెడ్‌ఎక్స్110 తీసుకోండి: 24 ఓమ్‌లు, 98 డెసిబెల్‌లు. 110కి చేరాలంటే 16 మిల్లీవాట్లు, అంటే 0.62 వోల్టు, 26 మిల్లీఆంపియర్లు. ఆడియో-టెక్నికా ఎం20ఎక్స్‌కు, 47 ఓమ్‌లు, 96 డెసిబెల్‌లు, 1.1 వోల్టు, 23 మిల్లీఆంపియర్లు. మా బామ్మర్ది డీటీ 990కి పవర్ అంతే, 25 మిల్లీవాట్లే. కానీ వోల్టేజీ 2.5, కరెంటు 10 మిల్లీఆంపియర్లు. 300 ఓమ్‌ల సెన్‌హైజర్ హెచ్‌డీ 600 ఒక వోల్టుకు 97 డెసిబెల్‌లు మోగుతుంది కాబట్టి దానికి నాలుగున్నర వోల్టులు కావాలి, 15 మిల్లీఆంపియర్లతో.

బోరు మోటర్ కొన్నవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మూడు వందల అడుగుల బోరుకు ఎత్తు తోసే మోటర్ కావాలి, కాలువ ఒడ్డున నీళ్లు ఎక్కువ పోసేది కావాలి. రెండూ మూడు హెచ్‌పీవే కావచ్చు, ఒకదాని పని ఇంకోటి చేయదు. ఎక్కువ ఓమ్‌ల హెడ్‌ఫోన్ లోతు బోరు, తక్కువ ఓమ్‌లది కాలువ. అందుకే "ఈ యాంపు ఎన్ని వాట్లు?" అన్న ప్రశ్నకు ఇక్కడ విలువ లేదు.

ఈ లెక్క చూశాక చాలామంది ఇక్కడితో ఆగిపోవచ్చు, ఆగిపోవాలి కూడా. 2016లో ఐఫోన్ 7తో ఆపిల్ హెడ్‌ఫోన్ సాకెట్ తీసేసింది, మిగతా కంపెనీలు మెల్లగా అదే బాట పట్టాయి. అప్పట్నుంచి తీగ హెడ్‌ఫోన్ పెట్టాలంటే ఫోన్‌కు డాంగిల్ తగిలించక తప్పట్లేదు. ఆ డాంగిల్ వట్టి తీగ కాదు. అంకెల్ని పాటగా మార్చే చిప్పు, దాని వెనకే ఒక యాంపు, రెండూ ఆ చిటికెన వేలంత ముక్కలో ఉన్నాయి. ఆపిల్ సీ-టైప్ డాంగిల్ పూర్తి వోల్టు ఇస్తుంది, ఔట్‌పుట్ ఇంపిడెన్స్ ఒక ఓమ్ దగ్గర. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో మాత్రం మోత తగ్గించి ఇస్తుంది, కొనేముందు మీ ఫోన్‌తో పెట్టి చూసుకోండి. జెడ్‌ఎక్స్110కి అది కావలసినదానికన్నా ఎక్కువ, ఎం20ఎక్స్‌కు దాదాపు సరిపోతుంది. కాబట్టి 50 ఓమ్‌ల లోపు హెడ్‌ఫోన్ ఉండి మోత చాలుతున్నవాళ్లు యాంపు కట్టుకుంటే అది సరదాకే. సరదా తప్పని నేననను.

ఔట్‌పుట్ ఇంపిడెన్స్ అన్నాను కదా, దాని దగ్గర కాసేపు ఆగాలి. పాత డెక్కుల్లో, స్పీకర్ యాంపుల్లో హెడ్‌ఫోన్ సాకెట్ ఎట్లా పెట్టేవారంటే, స్పీకర్ లైనుకు వందో రెండొందలో ఓమ్‌ల రెసిస్టర్ అడ్డం వేసి వదిలేసేవారు. 1996 నాటి అంతర్జాతీయ ప్రమాణం ఒకటి 120 ఓమ్‌లనే సూచించింది. చవక, క్షేమం, పని జరిగిపోతుంది. చిక్కు ఎక్కడంటే, హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్ అన్ని స్వరాలకూ ఒకేలా ఉండదు. పేరుకు 32 ఓమ్‌లది కింది స్థాయిలో, డోలు మోగేచోట, 64కు పెరిగిందనుకోండి. 120 ఓమ్‌ల వెనక నుంచి నడిపితే ఆ డోలు నాలుగు డెసిబెల్‌లకు పైగా ఉబ్బుతుంది. అదే ఒక్క ఓమ్ వెనక నుంచి నడిపితే ఆ తేడా డెసిబెల్‌లో ఏడెనిమిదో వంతు, చెవికి అందదు. హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్‌లో ఎనిమిదో వంతు కన్నా యాంపు ఇంపిడెన్స్ తక్కువుండాలని కట్టేవాళ్లు పెట్టుకున్న లెక్క అందుకే. "ఈ యాంపులో బేస్ అదిరింది" అని మురిసిపోయే సందర్భాల్లో సగం ఈ ఉబ్బే అని నా అనుమానం.

ఇప్పుడు మన దుకాణాల్లో దొరికేవాటి సంగతి. 4440 ఐసీ పెంపు (గెయిన్) 51 డెసిబెల్‌లకు పైన, అంటే మూడు వందల యాభై రెట్లకు ఎక్కువ. మనకు కావలసింది మూడు నాలుగు రెట్లు. మిగిలిన పెంపంతా ఐసీ సొంత సుయ్‌మనే చప్పుడును మోసుకొచ్చి చెవిలో పోస్తుంది. స్పీకర్ పదడుగుల దూరంలో ఉంటుంది కాబట్టి అది వినపడదు, హెడ్‌ఫోన్ చెవినంటుకుని ఉంటుంది కాబట్టి పాట ఆగినప్పుడల్లా వాన కురుస్తుంది. చిన్న రేడియోల్లో వాడే టీడీఏ2822ది 39 డెసిబెల్‌లు, తొంభై రెట్ల దగ్గర, అదీ మార్చుకునే వీల్లేకుండా. ఎల్‌ఎం386కు తక్కువలో తక్కువ ఇరవై రెట్లు. రెండూ పది ఇరవై రూపాయల్లో వస్తాయి, స్కూలు సైన్స్ ఫెయిర్‌కు బాగుంటాయి. పీఏఎం8403 అనే ఎర్ర బిళ్ల బోర్డు ఇప్పుడు ప్రతి దుకాణంలో వేలాడుతోంది. దానికి హెడ్‌ఫోన్ తగిలించనే వద్దు. అందులో ఒక్కో చానల్‌కు రెండు చివర్లూ సజీవంగా ఉంటాయి, గ్రౌండ్ ఉండదు. హెడ్‌ఫోన్ పిన్నులో ఎడమ కుడి చెవులకు ఒకటే ఉమ్మడి తీగ. ఆ తీగతో రెండు చానళ్ల ఔట్‌పుట్లు ఒకదాన్నొకటి షార్ట్ చేసుకుంటాయి.

ఇక అసలు పోటీదారులు మూడు.

మొదటిది సీమాయ్. చూ మాయ్ అనే అమెరికన్ 1990ల చివర్లో ప్రకటించిన జేబు యాంపు. ఒక డ్యూయల్ ఆప్-యాంప్ ఐసీ, పది పన్నెండు రెసిస్టర్లు, నాలుగు కెపాసిటర్లు, ఒక 9 వోల్టుల బ్యాటరీ. అక్కడివాళ్లు పిప్పరమెంట్ల రేకు డబ్బాలో కట్టుకుంటే దాని పేరు లోకమంతా పాకింది. మనకు పాత జర్దా డబ్బా సరిగ్గా సరిపోతుంది. ఒక సాయంత్రం పని. సోల్డరింగ్ ఐరన్ కొత్తగా పట్టినవాళ్లకు దీన్ని మించిన బడి లేదు.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. అసలు పటంలో ఉన్న ఐసీ ఓపీఏ2134. దుకాణంలో అడిగాను. "గదేంది తమ్మీ? 4558 ఉంది, 5532 ఉంది. పిన్నులన్నీ ఒక్కటే, పెట్టుకో" అన్నాడు కౌంటర్ వెనక అన్న. పిన్నులు ఒకటే, నిజమే. ఎన్‌ఈ5532 మంచి ఐసీ అని నాకూ తెలుసు కాబట్టి తెచ్చి పెట్టాను. పాట వచ్చింది. వారం తిరిగేసరికి ఒక ఇయర్‌ఫోన్ కుడి చెవి గరగరలాడి చచ్చింది. అప్పుడు మీటర్ పెట్టి చూస్తే ఔట్‌పుట్‌లో పాట లేకుండానే రెండొందల మిల్లీవోల్టులకు పైగా డీసీ నిలబడి ఉంది.

కారణం కాగితం మీద రెండు నిమిషాల్లో తేలింది. 5532 తన ఇన్‌పుట్ కాలులోంచి దాదాపు 200 నానోఆంపియర్ల కరెంటు లాగుతుంది. పటంలో ఆ కాలు దగ్గరున్న రెసిస్టర్ లక్ష ఓమ్‌లు. రెండూ గుణిస్తే 20 మిల్లీవోల్టులు. పటంలో పెంపు 11 రెట్లు. మొత్తం 220. ఓపీఏ2134 లాగేది నానోలో వెయ్యో వంతుల్లో, అంటే పికోఆంపియర్లలో, కాబట్టి దానితో ఈ గొడవే లేదు. 5532తోనే కట్టాలంటే ఆ రెసిస్టర్‌ను పది వేల ఓమ్‌లకు దించి, పెంపును మూడుకు దించాలి. డీసీ ఆరు మిల్లీవోల్టులకు పడిపోతుంది. కానీ అక్కడితో అయిపోలేదు. రెసిస్టర్ దిగితే దాని ముందున్న 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ 160 హెర్ట్జ్ కిందున్నదాన్నంతా కోసేస్తుంది, డోలు కాస్తా డబ్బా మోత అవుతుంది. దాన్ని 2.2 మైక్రోఫారడ్ చేస్తే కోత 7 హెర్ట్జ్ దగ్గరికి పోతుంది. ఒక ఐసీ మారిస్తే మూడు సామాన్లు మారాయి. "పిన్నులన్నీ ఒక్కటే" అన్న మాటకు నేను కట్టిన ధర ఒక ఇయర్‌ఫోన్.

సీమాయ్ అసలు లోపం మాత్రం బ్యాటరీలోనే ఉంది. 9 వోల్టులను సగం చేస్తే దక్కేది ±4.5. ఐసీ ఆ అంచుల దాకా పోలేదు; చివరికి రెండు వోల్టుల దగ్గర పాట చిట్లుతుంది. పైగా 5532ను ±5 నుంచి ±15 వోల్టులకని రాసిచ్చారు, మన బ్యాటరీ మొదటి రోజే దానికి దిగువన ఉంది, వాడినకొద్దీ ఇంకా దిగుతుంది. దుకాణాల్లో అగ్గువకు దొరికే మామూలు 9 వోల్టుల బ్యాటరీ ఇరవై, ముప్పై గంటలకు చేతులెత్తేస్తుంది. డీటీ 990కి రెండున్నర వోల్టులు కావాలని లెక్క తేలింది కదా, కాబట్టి మా బామ్మర్దికి సీమాయ్ పనికిరాదు. 11 రెట్ల పెంపు కూడా పాత కాలం మాట. ఇప్పటి ఫోన్లు అర వోల్టు, ఒక వోల్టు ఇస్తున్నాయి. వాల్యూమ్ ముల్లు ఎనిమిది గంటలకు జరగ్గానే చెవులు పగులుతాయి. అక్కడ చవక వాల్యూమ్ కంట్రోళ్లలో ఎడమ కుడి సమానంగా ఉండవు, పాట ఒక చెవికి ఒరిగిపోతుంది.

రెండోది, నా ఓటు పడ్డది. 5532 వెనక బీడీ139, బీడీ140 ట్రాన్సిస్టర్ల జంట. ఆస్ట్రేలియాలో రాడ్ ఇలియట్ ప్రకటించిన ప్రాజెక్టుల్లో 113వది ఈ తరహాదే. కొత్త కనిపెట్టుడేమీ లేదు, పాఠ్యపుస్తకంలోని పుష్-పుల్. ఐసీ వోల్టేజీ చూసుకుంటుంది, ట్రాన్సిస్టర్లు కరెంటు మోస్తాయి. రెంటినీ ఒకే ఫీడ్‌బ్యాక్ చుట్టులో పెట్టడం వల్ల ఔట్‌పుట్ ఇంపిడెన్స్ ఓమ్‌లో చిన్న ముక్కకు దిగుతుంది. ట్రాన్సిస్టర్లు ఎందుకంటే, జెడ్‌ఎక్స్110కి 26 మిల్లీఆంపియర్లన్నాం. అది సగటు లెక్క, అల శిఖరం 37. ఒంటరి 5532 ఇవ్వగలిగేది సరిగ్గా అక్కడికే. మోటర్‌ను దాని చివరి చుక్క దాకా నడపడం ఎవరికీ మంచిది కాదు. బీడీ139 ఒకటిన్నర ఆంపియర్ల సరుకు, ఈ పనిలో దానికి చెమట కూడా పట్టదు.

దీన్ని నేను మెచ్చడానికి అసలు కారణం వేరే. ఇందులోని ప్రతి సామానూ కరీంనగర్‌లో దొరికింది. ఐసీ, నాలుగు ట్రాన్సిస్టర్లు, 1ఎన్4148 డయోడ్లు, జీరో పీసీబీ, ఈపీ సాకెట్లు, అన్నీ. కాలిపోతే రేపు మళ్లీ తెచ్చుకోవచ్చు. ఊళ్లో దొరకని సామానుతో కట్టిన సెట్టు చెడిపోయిన రోజు బొమ్మ అవుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌తో కలిపి నా ఖర్చు ఎనిమిది వందలు దాటలేదు.

మూడోది ఆబ్జెక్టివ్2, ముద్దుగా ఓ2. పేరు చెప్పుకోని ఒక ఇంజనీరు, ఎన్‌డబ్ల్యూఏవీగై అనే మారుపేరుతో, 2011లో దీని పటం ఉచితంగా ఇచ్చాడు. ఖరీదైన యాంపుల్ని మీటర్ల కింద పెట్టి, గొప్పలు పోయేవాటి బండారం బయటపెట్టి, "ఇదిగో, చవకలో ఇంతకన్నా శుద్ధంగా కట్టొచ్చు" అని చూపించాడు. 2012లో చడీచప్పుడు లేకుండా మాయమైపోయాడు. ఎవరో ఈ రోజుకీ తెలీదు. ముందు భాగంలో ఎన్‌జేఎం2068, చివర రెండు ఎన్‌జేఎం4556ఏ. ఈ 4556 ఒక్కో సగం 70 మిల్లీఆంపియర్లు ఇస్తుంది, రెండు సగాల్ని జత కట్టి ఒక్కో చెవికి ఇచ్చాడు, మధ్యలో ఒక్కో ఓమ్ రెసిస్టర్‌తో. ఔట్‌పుట్ ఇంపిడెన్స్ అర ఓమ్. 12 వోల్టుల రెగ్యులేటర్లు, కరెంటు పోతే నడవడానికి రెండు 9 వోల్టుల చార్జింగ్ బ్యాటరీలు. పటాన్ని ఎవరైనా కట్టి అమ్ముకోవచ్చు, కానీ మార్చి పంచొద్దని షరతు.

కొలతల్లో మూడింట్లో ఇదే మేలు, అందులో సందేహం లేదు. అయితే 4556 మన దుకాణాల్లో నాకు దొరకలేదు. కరీంనగర్‌వాళ్లు జేబీఎస్‌లో దిగి కోఠి గుజరాతీ గల్లీ దాకా పోవాలి. ఆదిలాబాద్‌వాళ్లకు హైదరాబాద్ మూడు వందల కిలోమీటర్లు, నాగపూర్ రెండు వందలు. వాళ్లు ఎటు పోతారో నేను చెప్పక్కర్లేదు. లేదంటే ఆన్‌లైన్. మరో ఇబ్బంది, దీనికి ఏసీ ఇచ్చే అడాప్టర్ కావాలి. మన దుకాణాల్లో ఎలిమినేటర్ అంటే డీసీదే ఇస్తారు. దానికి మందు సులువు: మామూలు 15 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌ను డబ్బాలో పెట్టి, ఫ్యూజు వేసి, తీగ బయటికి తీస్తే అదే ఏసీ అడాప్టర్.

క్లాస్-ఏ అభిమానులు ఈపాటికి పళ్లు నూరుతుంటారు. జాన్ లిన్స్‌లీ హుడ్ 1969 ఏప్రిల్‌లో 'వైర్‌లెస్ వరల్డ్'లో ప్రకటించిన పటం నుంచి ఒంటి మాస్‌ఫెట్ యాంపుల దాకా వాళ్లకు పెద్ద వంశవృక్షమే ఉంది. పాట ఉన్నా లేకున్నా కరెంటు పారుతూనే ఉంటుంది వాటిలో. 24 వోల్టుల మీద చానల్‌కు 100 మిల్లీఆంపియర్లంటే రెండు చానళ్లకు ఐదు వాట్ల వేడి, రోజంతా. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఆదిలాబాద్ గదిలో చెవుల పక్కన ఇంకో కుంపటి నాకక్కర్లేదు. జనవరిలో అయితే చేతులు కాచుకోవచ్చు.

ఇక కరెంటు సంగతి. నా లెక్కలో యాంపు మంచిచెడ్డల్లో సగం దాని పవర్ సప్లైవే. మెకానిక్కులు అలవాటుగా 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ చేతిలో పెడతారు. 230 వోల్టులు ఉన్నప్పుడు దాన్నుంచి 16 వోల్టుల డీసీ వస్తుంది, 7812 రెగ్యులేటర్‌కు చాలు. మోటర్లన్నీ ఒక్కసారి నడిచే వేళ పల్లెలో కరెంటు 190కి పడిందనుకోండి. అప్పుడు వచ్చేది 13.3. రెగ్యులేటర్ బతకడానికి 14 అయినా కావాలి. అంతే, గుయ్‌మని హమ్మింగ్ మొదలవుతుంది, మనమేమో ఐసీని తిడతాం. 15-0-15 పెడితే 190 దగ్గరా పదహారు పైచిలుకు ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ ధరలో తేడా ఒక చాయ్ బిస్కట్.

7812, 7912 చూడ్డానికి కవలలు. కాళ్ల వరస వేరు. 7812కు వరసగా ఇన్‌పుట్, గ్రౌండ్, ఔట్‌పుట్. 7912కు గ్రౌండ్, ఇన్‌పుట్, ఔట్‌పుట్. నేను పొగబెట్టానన్నది దీన్నే. పైగా 7912 వీపు రేకు గ్రౌండ్ కాదు, ఇన్‌పుట్‌కు కలిసి ఉంటుంది. ఇనుప డబ్బాకు నేరుగా బిగిస్తే షార్ట్.

స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో కరెంటు పోయినప్పుడు ట్రాన్స్‌ఫార్మరే గుర్రుపెడుతుంది. అది యాంపు జబ్బు కాదు. పవర్ బ్యాంకుతో నడుపుదామంటే, ఇంత తక్కువ కరెంటుకు చాలా పవర్ బ్యాంకులు ఎవరూ వాడట్లేదనుకుని వాటంతటవే ఆరిపోతాయి. లాప్‌టాప్ చార్జర్ పెట్టి ఉన్నప్పుడు గుయ్‌మని, తీసేస్తే నిశ్శబ్దమైతే యాంపు విప్పకండి. ఎర్త్ లేని రెండు పిన్నుల ప్లగ్గే కారణం. బాసర ట్రిపుల్ ఐటీ, నాచుపల్లి ఇంజనీరింగ్ కాలేజీ హాస్టళ్ల పిల్లలు ముందుగా ఈ పరీక్ష చేసుకుంటే చాలా రాత్రులు మిగులుతాయి.

డబ్బా గురించి ఒక ముచ్చట. నా రెండో యాంపుకు నిర్మల్ బొమ్మలు చేసే పొనికి చెక్కతో డబ్బా చేయించుకున్నాను. దూది అంత తేలిక, రంగు వేస్తే కళ్లు చెదిరేది. హమ్మింగ్ మాత్రం ఆగలేదు, చెక్క ఏ తరంగాన్నీ ఆపదు. లోపల వంటింటి అల్యూమినియం రేకు అతికి, దాన్ని గ్రౌండ్‌కు కలిపాకే కుదుటపడింది. అందం అక్కర్లేకపోతే రేకు డబ్బాదే గెలుపు.

నకిలీల గురించి చెప్పకపోతే ఈ సమీక్ష సగమే. ఆన్‌లైన్‌లో ఒకచోట ఓపీఏ2134 అని తెప్పించుకున్నవి రెండూ అక్షరాలు రుద్ది మళ్లీ అచ్చు వేసినవి. 5532 పేరుతోనూ ఇదే జరుగుతుంది. పట్టుకోవడానికి మల్టీమీటర్ చాలు. ఐసీకి వట్టి సప్లై ఇచ్చి అది తాగే కరెంటు చూడండి. నిజమైన 5532, ఓపీఏ2134 రెండూ 8 మిల్లీఆంపియర్ల చుట్టూ తాగుతాయి. 4558, టీఎల్072 మూడు దగ్గరే ఆగుతాయి. "5532" అని రాసున్నది మూడు తాగితే అది వేషం కట్టిన 4558. ఓపీఏ పేరుతో 5532ను అంటగడితే ఈ పరీక్ష పట్టదు. దానికి ఇందాకటి లక్ష ఓమ్‌ల రెసిస్టరే పనికొస్తుంది, ఇన్‌పుట్ దగ్గర 20 మిల్లీవోల్టులు కనబడితే దొంగ దొరికినట్టే.

ఇన్ని చెప్పి, విని ఎట్లా ఉందో చెప్పకపోతే ఎట్లా? ఒకే మోతకు సరిచేసి వింటే, డీటీ 990 మీద ఓ2కీ బీడీ139 జంటకీ తేడా నేను పట్టలేకపోయాను. మా అబ్బాయి కళ్లు మూయించి తీగలు మార్చాడు, పదిసార్లలో ఆరుసార్లు చెప్పగలిగాను, అది బొమ్మా బొరుసే. సీమాయ్‌ని మాత్రం ప్రతిసారీ పట్టాను, డప్పు పడ్డ చోటల్లా చిట్లింది. యాంపు వల్ల అన్ని పాటలూ బాగుపడవు కూడా. మా హనుమాజీపేటలో పుట్టిన సినారె సినిమాలకు మొదటిసారి రాసిన 'గులేబకావళి కథ' పాటలు 1962 నాటి మోనో రికార్డింగులు. ఎంత యాంపు పెట్టినా గొంతు తల మధ్యలోనే నిలబడుతుంది. గుస్సాడీ ఆట దగ్గర తుడుం, డప్పుల్ని ఎవరైనా మంచి మైకుతో పట్టిన రికార్డింగు దొరికితే అప్పుడు తెలుస్తుంది ఆ ఎచ్చు వోల్టులు ఎందుకో.

కాబట్టి నా తీర్పు ఇది. 50 ఓమ్‌ల లోపు హెడ్‌ఫోన్ అయితే డాంగిల్ కొనుక్కోండి. చేతికి పని నేర్పాలంటే పెంపు మూడుకు దించిన సీమాయ్ కట్టండి. 250, 300 ఓమ్‌లది చేతికొస్తే 5532, బీడీ139, బీడీ140, 15-0-15 ట్రాన్స్‌ఫార్మర్. కోఠికో నాగపూర్‌కో ఎట్లాగూ పోయే పనుంటే ఓ2 సామాన్లు తెచ్చుకోండి, పశ్చాత్తాపపడరు. ఏది కట్టినా మొదటిసారి స్విచ్ వేశాక హెడ్‌ఫోన్ జోలికి పోకండి. రెండు ఔట్‌పుట్లకూ 33 ఓమ్‌ల రెసిస్టర్లు తగిలించి, పాట లేకుండా, మీటర్‌ను డీసీ మిల్లీవోల్టుల మీద పెట్టి రెండు చానళ్లూ చూడండి. ఇరవై దాటితే తప్పెక్కడో వెతికి, ఆ తర్వాతే చెవికి పెట్టుకోండి.